మిద్దెమీది పిట్టగోడ

(గృహములలో కూడి చదువుకొనుటకు ఒక పాఠము)

పాఠభాగము: ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము, 8వ వచనము



మోషే ధర్మశాస్త్రములో బలులను గూర్చియు పండుగలను గూర్చియు చెప్పబడిన గొప్ప విధుల నడుమ, ఇల్లు కట్టుకొనువానికి ఒక చిన్న ఆజ్ఞ కలదు. క్రొత్త యింటికి మిద్దె వేసినవాడు దాని చుట్టు పిట్టగోడ పెట్టవలెను. పెట్టనందున ఎవరైన పడి చనిపోయినయెడల ఆ దోషము ఆ యింటివానిమీదనే నిలుచును. మేస్త్రీ చెప్పదగిన యీ మాట ధర్మశాస్త్రములో ఏల వ్రాయబడెనో మనము ఆలోచింపవలెను.

ఆ దేశపు ఇండ్లకు పైకప్పు చదునుగా నుండెను. ఇంటివారు దానిమీద పంట ఆరబెట్టుకొనిరి, చల్లగాలికి కూర్చుండిరి, రాత్రులు పండుకొనిరి. రాహాబు జనుపకట్టె పరచినది మిద్దెమీదనే. సమూయేలు సౌలుతో ఏకాంతముగా మాటలాడినది మిద్దెమీదనే. యొప్పేలో పేతురు ప్రార్థన చేయుటకు ఎక్కినది మిద్దెమీదికే. అయితే దావీదు చూడరాని చూపు చూచి పాపములో మొదటి అడుగు వేసినదియు మిద్దెమీదనే. ఒకే చోటు ప్రార్థనకును పనికివచ్చెను, పతనమునకును దారియాయెను.

ఈ ఆజ్ఞనుండి మూడు సంగతులు నేర్చుకొందము. మొదటిది, మిద్దె వేయకూడదని గాని, పిల్లలు దానిమీదికి ఎక్కకూడదని గాని చెప్పబడలేదు. రెండవది, గోడ పెట్టవలసినది ఇల్లు కట్టుచున్నప్పుడే గాని ఒకరు పడిన తరువాత కాదు. మూడవది, ఈ భారము మేస్త్రీది కాదు, ఇరుగుపొరుగువారిది కాదు, ఇంటి యజమానునిది.

ఈ మూడు సంగతులను మన యిండ్లలో క్రొత్తగా వెలసిన మరియొక మిద్దెకు వర్తింపజేయుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము. ఆ మిద్దె ఇంటర్నెట్టు.

క్రొత్త మిద్దె

2016 సెప్టెంబరులో జియో సేవలు ఆరంభమైన తరువాత ఫోనులో ఇంటర్నెట్టు కూలిపని చేయువారికి సహితము అందుబాటులోనికి వచ్చెను. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభింపబడెను. విద్యుత్ స్తంభములమీదుగా వచ్చిన సన్నని తీగె గ్రామములలోని ఇండ్లలో ప్రవేశించెను. 2020 మార్చిలో కరోనా వ్యాధిచేత బడులు మూతపడగా పిల్లల పాఠములు ఫోనులోనికి వచ్చెను. అంతవరకు పిల్లలకు ఫోను ఇయ్యమనిన తలిదండ్రులే అప్పు చేసి ఫోను కొని వారి చేతిలో పెట్టవలసివచ్చెను.

దీనివలన కలిగిన మేలును కాదనువారము కాము. పదవ తరగతి ఫలితములు, ఉపకారవేతనపు దరఖాస్తులు, పొలమునకు కావలసిన వాన కబురు, అన్నియు దీనిద్వారానే వచ్చుచున్నవి. పనికొరకు కువైటుకు వెళ్లిన తల్లి సాయంకాలము తన బిడ్డ ముఖము చూచి మాటలాడగలుగుచున్నది. కాబట్టి ఈ మిద్దెను పడగొట్టుడని మేము చెప్పము. గోడ పెట్టితిరా అని మాత్రమే అడుగుచున్నాము.

ఎక్కడ పడుచున్నారు?

పిల్లలు పడు చోట్లు ముఖ్యముగా నాలుగు.

మొదటిది, అసభ్యమైన చిత్రములు. బిడ్డ వాటిని వెదకనక్కరలేదు. పాఠమునకు సంబంధించిన బొమ్మకొరకు వెదకుచుండగా, లేక సినిమా ఉచితముగా చూపెదమను స్థలమును తెరువగా, అవి తామే యెదురుగా వచ్చును. ఎనిమిదేండ్ల పసివాడు చూచినదానిని మరచిపొమ్మని చెప్పి మరపింప నెవరితరము?

రెండవది, పరిచయము లేని మనుష్యులు. మన యింటి అరుగుమీదికి అన్యుడు వచ్చి ఆడపిల్లతో మాటలాడినయెడల వాడెవడని అడుగుదుము. ఆటల యాప్‌లోను, ఫొటోలు పంచుకొను యాప్‌లోను ఆ అన్యుడు పదునాలుగేండ్ల బాలుడనని చెప్పుకొని వచ్చును. మెల్లగా స్నేహము చేయును, ఒక ఫొటో అడుగును, అది చేతికి చిక్కిన తరువాత బెదిరించును.

మూడవది, డబ్బు పందెముల ఆటలు. ఆన్‌లైన్ పందెములను తెలంగాణ రాష్ట్రము 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను దేశమంతటను నిషేధించుచు చట్టము చేసెను. చట్టము వచ్చినంతమాత్రమున వల తీసివేయబడినట్లు కాదు. సారా మానుడని చట్టమున్న కాలములో సారా దొరకకపోలేదు గదా!

నాలుగవది, కాలము. ఇది పాపముగా కనబడదు గనుక దీనిని లెక్కచేయము. ఒక వీడియో ముగియకముందే మరియొకటి తానే వచ్చునట్లు ఆ యాప్‌లు కట్టబడియున్నవి. ఐదేండ్లలోపు పిల్లలను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చేసిన సూచన మన తల్లులు తెలిసికొనదగినది. రెండేండ్లు నిండని బిడ్డకు తెర యెదుట కూర్చుండు కాలము అసలు వద్దు. రెండు మొదలు నాలుగేండ్లవరకు దినమునకు ఒక గంట మించకూడదు, తగ్గినకొలది మేలు. అన్నము తినిపించుటకు ఫోను చేతికిచ్చు అలవాటు మన యిండ్లలో ఎంతగా పాతుకొనియున్నదో మీరెరుగుదురు.

గోడ కట్టు విధము

గోడ కట్టుటకు గొప్ప చదువు అక్కరలేదు. అయితే గోడ యెక్కడ కట్టవలెనో తెలియవలెను.

తీగె ద్వారా వచ్చు ఇంటర్నెట్టును ఇంటిలోని ఫోన్లకు పంచిపెట్టు పెట్టెను రౌటరు అందురు. గోడకు తగిలించి చిన్న దీపములు వెలుగుచుండు పెట్టె అదియే. ఇంటిలోని ఫోన్లు, టీవీ, కంప్యూటరు వై-ఫై ద్వారా అడుగునదంతయు ఆ పెట్టెగుండనే పోయిరావలెను. అది ఇంటికి వీధివాకిలి వంటిది. కాబట్టి మొదటి వరుస రాళ్లు అక్కడనే పేర్చవలెను.

1. తాళపుచెవి మీయొద్ద నుంచుకొనుడి. రౌటరు వెనుక అంటించిన చీటీమీద ఒక సంఖ్య యుండును. అనేక పెట్టెలకు అది 192.168.1.1 లేక 192.168.0.1. వై-ఫై కలిపిన ఫోనులో క్రోమ్ వంటి బ్రౌజరు తెరచి ఆ సంఖ్యను కొట్టినయెడల రౌటరుయొక్క సెట్టింగుల పుట తెరచుకొనును. దానికి పేరును పాస్‌వర్డును అడుగును. అవియు ఆ చీటీమీదనే యుండును. చీటీమీదనున్నది పిల్లలకును కనబడును గనుక మొదట ఆ పాస్‌వర్డును మార్చుడి. వై-ఫై పాస్‌వర్డు వేరు, సెట్టింగుల పాస్‌వర్డు వేరు. ఈ రెండవదియే అసలు తాళపుచెవి. కొన్ని పెట్టెలను కనెక్షను ఇచ్చినవారు తామే బంధించియుందురు. అప్పుడు మీ కేబులు ఆపరేటరును పిలిచి ఈ పాఠములోని మార్పులు చేయుమని అడుగుడి. నెలనెలకు డబ్బు కట్టువారు మీరు. అడుగుటకు సిగ్గుపడకుడి.

2. దారి చెప్పువానిని మార్చుడి. ఇది ముఖ్యమైన రాయి. ఇంటర్నెట్టులో ప్రతి స్థలమునకు మనము పిలుచు పేరొకటియు, యంత్రములు ఎరుగు సంఖ్య యొకటియు కలవు. ఫోను ఒక పేరు అడిగినప్పుడు దానికి సంఖ్య చెప్పు సేవను డీఎన్‌ఎస్ అందురు. ఊరికి క్రొత్తగా వచ్చినవాడు, ఫలానివారి యిల్లెక్కడ అని అరుగుమీది పెద్దను అడిగినట్టిది ఇది. పసివాడు వచ్చి పేకాట దిబ్బ ఎక్కడ అని అడిగినయెడల బుద్ధిగల పెద్ద దారి చెప్పడు, వానిని ఇంటికి పంపును. అట్టి బుద్ధిగల దారిచెప్పువారు ఇంటర్నెట్టులోను ఉన్నారు. క్లౌడ్‌ఫ్లేర్ అను సంస్థ 2020 ఏప్రిలులో కుటుంబములకొరకు ఇట్టి సేవను ఉచితముగా ఆరంభించెను. దాని సంఖ్యలు 1.1.1.3 మరియు 1.0.0.3. ఓపెన్‌డీఎన్‌ఎస్ ఫ్యామిలీషీల్డ్ సంఖ్యలు 208.67.222.123 మరియు 208.67.220.123. క్లీన్‌బ్రౌజింగ్ కుటుంబ సేవయొక్క సంఖ్యలు 185.228.168.168 మరియు 185.228.169.168. ఈ చివరిది గూగుల్, యూట్యూబ్ వెదకులాటలను సహితము పిల్లలకు తగిన పద్ధతికి త్రిప్పును. వీటిలో ఒక జతను మాత్రమే ఎంచుకొని రౌటరు సెట్టింగులలో డీఎన్‌ఎస్ అనుచోట వ్రాసి భద్రపరచి, పెట్టెను ఒకసారి ఆపి మరల వేయుడి. కొన్ని కనెక్షన్లలో ఐపీవీ6 అను రెండవ విధమైన సంఖ్యలు కూడ నడచుచుండును. వాటికి వేరుగా డీఎన్‌ఎస్ చోటు కనబడినయెడల అక్కడను అదే సంస్థ ఇచ్చు సంఖ్యలను వ్రాయవలెను. లేనియెడల ఒక తలుపు మూసి మరియొకటి తెరచినట్లగును.

3. గోడను తట్టి చూడుడి. కట్టిన గోడను మేస్త్రీ చేతితో తట్టి చూచును. క్లౌడ్‌ఫ్లేరువారు పరీక్షకొరకే చెడుగేమియు లేని ఒక పుటను ఉంచియున్నారు. న్యూడిటీ, చుక్క, టెస్ట్‌కేటగిరీ, చుక్క, కామ్ అని ఆంగ్లాక్షరములతో ఖాళీ లేకుండ వ్రాయవలెను. మీరు ఎంచుకొన్నది క్లౌడ్‌ఫ్లేర్ సేవయైనయెడల ఆ పుట తెరువబడకూడదు. తెరువబడినయెడల గోడ ఇంకను నిలువలేదని గ్రహించి సంఖ్యలను మరల సరిచూచుకొనుడి.

4. వేళలు నియమింపుడి. అనేక రౌటర్లలో అతిథులకొరకు రెండవ వై-ఫై పేరు పెట్టు వీలు కలదు. పిల్లల ఫోన్లను ఆ రెండవ పేరునకే కలిపి, పెద్దల పేరుయొక్క పాస్‌వర్డును వారికి చెప్పకుండినయెడల వేళలు వేరుపరచుట సులభము. కొన్ని పెట్టెలలో రాత్రి ఇన్నింటికి ఆగవలెను, ఉదయము ఇన్నింటికి రావలెను అని వ్రాయవచ్చును. అట్టి వీలు లేనియెడల రాత్రి తొమ్మిది గంటలకు స్విచ్చి ఆపుటకు మన చెయ్యి చాలును.

గోడలోని సందులు

గోడ కట్టితిమని నిశ్చింతగా నిద్రించువారు ఈ భాగమును రెండుమారులు చదువవలెను.

పెద్ద సందు సిమ్ కార్డు. రౌటరుమీద కట్టిన గోడ వై-ఫై వాడు ఫోనుకే అడ్డు. పిల్లవాడు వై-ఫై ఆపి ఫోనులోని మొబైల్ డేటా వేసినయెడల ఆ గోడ ప్రక్కనుండి నడచిపోయినట్లే. కాబట్టి ఫోనులోనే రెండవ వరుస కట్టవలెను. ఆండ్రాయిడ్ 9 మొదలుకొని వచ్చిన ఫోన్లలో ప్రైవేట్ డీఎన్‌ఎస్ అను సెట్టింగు కలదు. అందులో ఫ్యామిలీ, చుక్క, క్లౌడ్‌ఫ్లేర్, అడ్డుగీత, డీఎన్‌ఎస్, చుక్క, కామ్ అని ఆంగ్లాక్షరములతో వ్రాసినయెడల మొబైల్ డేటామీదను ఆ వడపోత పనిచేయును. చిన్నపిల్లల ఫోన్లకు గూగుల్‌వారి ఫ్యామిలీ లింక్ అను యాప్ కలదు. దానితో పిల్లవాడు క్రొత్త యాప్ ఎక్కించుటకు ముందు తలిదండ్రుల ఫోనుకు అడుగబడును. దినమునకు ఎంతసేపు, నిద్రవేళ ఎప్పుడు అని కూడ నియమింపవచ్చును. ఐఫోనులో స్క్రీన్ టైమ్ అను సెట్టింగు ఈ పనినే చేయును.

రెండవ సందు వీపీఎన్ అను యాప్‌లు. ఇవి దారిచెప్పు పెద్దను అడుగకయే చాటుమార్గమున తీసికొనిపోవును. పిల్లల ఫోనులో ఇట్టి యాప్ కనబడినయెడల ఎందుకని నెమ్మదిగా అడుగవలెను.

మూడవ సందు వాట్సాప్ వంటి వాటిలో చేతికి చేతికి వచ్చు బొమ్మలును వీడియోలును. డీఎన్‌ఎస్ వడపోత ఒక స్థలముయొక్క పేరునంతటిని ఆపగలదు గాని, మన బంధువు పంపిన సందేశములోపల ఏమున్నదో చూడలేదు. యూట్యూబ్ తెరచియున్నయెడల అందులోని ఒక్కొక్క వీడియోను వేరుచేయలేదు.

నాలుగవ సందు పొరుగింటి వై-ఫై, స్నేహితుని ఫోను. దీనికి మన చేతిలో ఏ సెట్టింగును లేదు.

ఈ సందులు చూచి, ఇక గోడ యేల అని కొందరందురు. పిట్టగోడ ఎత్తు ఎంత? నడుము ఎత్తు మాత్రమే. దూకదలచినవానిని అది ఆపదు. ఆడుకొనుచు వెనుకకు నడచు పసిబిడ్డను, నిద్రమత్తులో లేచినవానిని అది ఆపును. మన పిల్లలలో తెలియక పడువారే ఎక్కువ. వారికొరకు గోడ కావలెను. తెలిసి దూకబోవువానికి గోడకంటె మరియొకటి కావలెను.

పిట్టగోడ, చెరసాల గోడ

మేమెరిగిన యొక గృహములో పదునాలుగేండ్ల కుమారుడు రాత్రివేళ దుప్పటి కప్పుకొని ఫోను చూచుచుండుట తండ్రి కనుగొనెను. ఏమి చూచుచున్నావని అడుగలేదు. ఫోనును నేలకు వేసి కొట్టెను, తీగెను తెంపెను, ఆ యింటిలో ఇక ఇంటర్నెట్టు మాట యెత్తరాదని చెప్పెను. ఊరివారు ఆయన క్రమశిక్షణను మెచ్చుకొనిరి. కొన్ని నెలలు గడచిన తరువాత తల్లి పెట్టెలో దాచిన పొదుపు సంఘపు వాయిదా డబ్బు కనబడలేదు. కుమారుని అడుగగా వాడు ఏడ్చుచు సంగతి చెప్పెను. స్నేహితుని ఫోనులో ఆడపిల్ల పేరుతో ఎవరో పరిచయమై వాని ఫొటోలు సంపాదించిరి. డబ్బు పంపనియెడల ఊరిలో అందరికి చూపెదమని బెదిరించిరి. వాడు మూడుమారులు పంపెను. నాలుగవమారు పంపుటకు డబ్బు లేక, బ్రతుకుటకు ఇష్టములేక, రెండు దినములు బావి గట్టున కూర్చుండి తిరిగివచ్చెను. మొదటి దినముననే మాతో ఏల చెప్పలేదని తల్లి అడుగగా, చెప్పినయెడల నాన్న ఏమి చేయునో నాకు తెలియును గదా అనెను.

ఈ మాటను తలిదండ్రులందరు హృదయములో ఉంచుకొనవలెను. ఆ తండ్రికి బిడ్డమీద ప్రేమ లేక కాదు. ఆయన కట్టినది పిట్టగోడ కాదు, చెరసాల గోడ. పిట్టగోడ యొద్ద నిలిచి బిడ్డ పిలిచినయెడల క్రిందనున్న తండ్రికి వినబడును. చెరసాల గోడకు ఆవలినుండి కేక వినబడదు. ఏ అడ్డు పెట్టినను, ఆ అడ్డు బిడ్డ నోరు మూయనిదై యుండవలెను.

కాబట్టి అడ్డు పెట్టునప్పుడు ఈ నాలుగు పద్ధతులు పాటింపుడి.

చాటున పెట్టకుడి. అందరిని కూర్చుండబెట్టి, ఏమి ఆపుచున్నాము, ఎందుకు ఆపుచున్నాము అని చెప్పుడి. పొరపాటున మంచి పుటయు ఆగినయెడల వచ్చి అడుగవచ్చుననియు చెప్పుడి. అడిగినప్పుడు చూచి తెరచుడి.

వయస్సుకొలది గోడను మార్చుడి. బడికి పోని బిడ్డకు ఒంటరిగా ఫోను వద్దు. ప్రాథమిక పాఠశాలలోని బిడ్డ పెద్దలు కూర్చున్నచోటనే చూడవలెను. ఉన్నతపాఠశాలకు వచ్చినవానికి నియమములు చేయునప్పుడు వాని మాటయు వినవలెను. ఇంటరు చదువునకు పట్నము పోబోవు కుమారునికి ఇంటిలోనున్నప్పుడే కొంచెము కొంచెముగా స్వేచ్ఛ ఇచ్చి చూడవలెను. హాస్టలులో మన రౌటరు ఉండదు. ఆస్ట్రేలియా దేశమువారు 2025 డిసెంబరునుండి పదునారేండ్లలోపు వారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు ఉండరాదని నియమించిరి. మన దేశములో 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లలోపువారందరిని పిల్లలుగానే ఎంచినది. ప్రభుత్వములే వయస్సు చూచి గోడ ఎత్తు నిర్ణయించుచుండగా మనము మూడేండ్ల బిడ్డకును పదునేడేండ్లవానికిని ఒకటే కొలత వేయుట తగదు.

నియమము పెద్దలకును ఉండవలెను. రాత్రి తొమ్మిది గంటలకు పిల్లల ఫోను తీసికొని, తండ్రి పండ్రెండువరకు తన ఫోను చూచుచున్నయెడల ఆ నియమము నిలువదు. ఇంటిలోని ఫోన్లన్నియు రాత్రి వంటగది అలమారలో ఒకే బుట్టలో పెట్టు గృహములు కొన్ని కలవు. అట్టి యిండ్లలో పిల్లల సణుగుడు తక్కువ.

ఆడపిల్లకు ఒక కొలత, మగపిల్లవానికి ఒక కొలత పెట్టకుడి. కూతురి ఫోను లాగికొని కుమారుని విడిచిపెట్టు ఇండ్లు మనలో అనేకములు. చెడు చూచువాడు కుమారుడైనప్పుడు దానివలన బాధపడునది మరియొకరి కూతురు.

పడినప్పుడు ఏమి చేయవలెను?

గోడ కట్టినను ఒక బిడ్డ పడవచ్చును. పడినవానిని లేవనెత్తవలెనే గాని ఏల పడితివని క్రిందనే కొట్టకూడదు.

బిడ్డ వచ్చి చెప్పినయెడల మొదట, చెప్పి మంచిపని చేసితివి అనుడి. బెదిరించువానికి డబ్బు పంపకుడి. ఒకమారు పంపినయెడల రెండవమారు అడుగును. కోపముతో సందేశములను చెరిపివేయకుడి. అవియే సాక్ష్యము. వాని పేరు, నంబరు, వ్రాసిన మాటలు, డబ్బు పంపిన వివరములు భద్రపరచి, తరువాత వానిని బ్లాకు చేయుడి. డబ్బు పోయినయెడల ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయుడి. త్వరగా తెలిపినయెడల ఆ డబ్బును నిలుపుటకు వీలు కలుగవచ్చును. బిడ్డకు ఆపద కలిగినప్పుడు 1098 నంబరుకు రాత్రియైనను పగలైనను పిలువవచ్చును. కేంద్ర ప్రభుత్వపు సైబర్ నేరముల పోర్టలులోను ఫిర్యాదు వ్రాయవచ్చును. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము గూర్చి ఫిర్యాదు చేసిన బిడ్డ పేరును పత్రికలవారు బయటపెట్టరాదు. కాబట్టి పరువుకు భయపడి దాచుకొనకుడి.

ఇంకొక హెచ్చరిక. పిల్లల అసభ్య చిత్రము ఏదైన మీ ఫోనుకు వచ్చినయెడల, చూడుడి ఎంత ఘోరమో అని చెప్పుటకైనను మరియొకరికి పంపకుడి. అట్లు పంపుటయే సమాచార సాంకేతిక చట్టము ప్రకారము నేరము. ఆ బిడ్డకు అది రెండవ గాయము.

సంఘము చేయదగినది

మన సంఘములలో చదువురాని తలిదండ్రులు అనేకులున్నారు. ఇంటిలో కనెక్షను ఉన్నను సెట్టింగుల పుట వారికి తెరువరాదు. ఇంటిలో ఆ పుట తెరువగలవాడు ఎవరికొరకు గోడ కట్టవలెనో ఆ పిల్లవాడే. ఇది మన కాలపు చిక్కు. కాబట్టి యౌవనస్థుల కూటములో ఈ పని తెలిసిన యిద్దరు ముగ్గురు, ఆదివారము మధ్యాహ్నము పిలిచినవారి యిండ్లకు వెళ్లి ఈ గోడ కట్టి యిచ్చుట మంచి పరిచర్య యగును. తల్లియో తండ్రియో ఎదుట కూర్చుండగనే చేయవలెను. క్రొత్త పాస్‌వర్డును తలిదండ్రులే ఎంచుకొని తమ పుస్తకములో వ్రాసికొనవలెను గాని, సహాయము చేయ వచ్చినవారు దానిని తమయొద్ద ఉంచుకొనకూడదు. చదువురాని తల్లియైనను ఒక పని చేయగలదు. బిడ్డ ప్రక్కన కూర్చుండి, ఈ బొమ్మలో ఏముందిరా, నాకును చెప్పు అని అడుగగలదు. ఏ రౌటరునకును ఆ పని చేతకాదు.

ఇల్లు కట్టువాడు గోడను తన గొప్పకొరకు పెట్టడు. మిద్దె ఎక్కువారు క్షేమముగా దిగిరావలెనని పెట్టును. మన పిల్లలును ఒక దినమున తమ యిండ్లు తామే కట్టుకొందురు. అప్పుడు వారు తమ చేతులతో పిట్టగోడ పెట్టుకొనువారు కావలెనని మన కోరిక. అట్లు జరుగుటకు, గోడ ఎందుకున్నదో మనము నేడే వారికి చెప్పియుండవలెను.

ఇంటిలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన యింటి రౌటరు సెట్టింగుల పాస్‌వర్డు ఎవరికి తెలియును?

2. రాత్రివేళ మన యింటిలో ఫోన్లు ఎక్కడ ఉండవలెను? పెద్దలును ఒప్పుకొందురా?

3. ఫోనులో భయము కలిగించునదేదైన కనబడినయెడల బిడ్డ మొదట ఎవరితో చెప్పును? ఆ వ్యక్తి ఏమి చేయునని బిడ్డ అనుకొనుచున్నది? దీనికి పిల్లలే జవాబు చెప్పవలెను. పెద్దలు మధ్యలో మాటలాడక వినవలెను.